పది తూటాల చక్రం

రూగర్ 10/22 రైఫిల్‌ను బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, దాని కింది అంచు వెంట చూపు నడిపించండి. ముందు చెయ్యి పట్టుకునే చోటు నుంచి ట్రిగ్గర్ దాకా ఆ గీత ఎక్కడా తెగదు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అనగానే పొట్ట కింద వేలాడే మ్యాగజైన్ గుర్తుకొస్తుంది. ఇందులో అది బయటికి కనిపించదు. పది తూటాలూ కర్ర లోపలే ఒక చిన్న చక్రం చుట్టూ, దేని గాడిలో అది కూర్చుని ఉంటాయి. రైఫిల్‌ను ఒంటి చేత్తో ఎత్తితే బరువు సమంగా తూగే చోటు కూడా దాదాపు అదే. అరచేతికి ఏదీ గుచ్చుకోదు. అక్కడ చెయ్యి ఉండాలని ముందే అనుకుని, యంత్రమంతా లోపలికి ఒదిగినట్టుంటుంది.

ఇది 1964లో వచ్చింది. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో బిల్ రూగర్ కంపెనీ దీన్ని అమ్మకానికి పెట్టినప్పుడు ధర 54 డాలర్ల 50 సెంట్లు. పిల్లలకు గురి నేర్పడానికి, సెలవు రోజున ఖాళీ డబ్బాలు పడగొట్టడానికి కొనుక్కునే రకం. అయినా రూగర్ దీన్ని బొమ్మలా చెయ్యలేదు. వేటగాళ్ల కోసం తాను చేసిన .44 కార్బైన్ రూపాన్నే దీనికీ ఇచ్చాడు. గొట్టాన్నీ కర్రనూ కలిపి పట్టే లోహపు పట్టీ ఉంది, భుజానికి ఆనే వంపు ఉంది. తొలి ఏళ్ల రైఫిళ్లకు వాల్‌నట్ కర్ర ఉండేది, తరువాత బర్చ్ వచ్చింది. లోపలి పెట్టె పోత పోసిన అల్యూమినియం. మొత్తం బరువు రెండుంపావు కిలోల చుట్టుపక్కల. పొదుపు ఎక్కడ చెయ్యాలో, ఎక్కడ చెయ్యకూడదో తెలిసిన చేతిపని ఇది. చవక వస్తువులో నన్ను ఇంతగా కట్టిపడేసే గుణం మరొకటి లేదు.

ఆ చక్రం సంగతి ఇంకొంచెం చెప్పాలి. .22 తూటా అడుగున చుట్టూ పైకి లేచిన అంచు ఉంటుంది. అంచులున్న తూటాలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే, పైదాని అంచు కిందిదాని అంచు వెనక ఇరుక్కుని ముందుకు కదలకపోవచ్చు. చక్రంలో ఆ గొడవ లేదు. తూటాల మధ్య గోడ ఉంటుంది, స్ప్రింగు చక్రాన్ని తిప్పుతుంది, ఒక్కో తూటా తన వంతు వచ్చాక పైకి వస్తుంది. పాత సావేజ్ 99 వేట రైఫిల్‌లో ఇలాంటి చక్రమే ఉండేది. ఖరీదైన తుపాకీలో ఉన్న ఊహను చవక తుపాకీలోకి తెచ్చి, దాని ఒయ్యారం చెడకుండా నిలబెట్టడం గొప్ప సంగతి.

ఇక తూటా. .22 లాంగ్ రైఫిల్ 1887 నాటిది. మన కాలేజీల్లో ఎన్‌సీసీలో చేరినవాళ్లలో చాలామంది గురి నేర్చుకున్నది .22 రైఫిల్ మీదే. గ్రూపింగ్ ఫైరింగ్ అన్న మాట వాళ్లకు కొత్త కాదు. ఈ తూటాలో నిప్పుమందు నడిమధ్య ఉండదు. ఇత్తడి గుల్లను గిరగిరా తిప్పితే తడి మందు ఆ అడుగు అంచులోకి చేరుతుంది. అది చుట్టూ సమంగా పరుచుకుంటేనే ప్రతి తూటా ఒకేలా అంటుకుంటుంది. దాని ముందు రెండున్నర గ్రాములకు కాస్త పైబడిన సీసపు గుండు, ఆ గుండు మీద పలుచటి మైనం పూత. ఇంత చిన్న వస్తువులో ఇన్ని సున్నితమైన లెక్కలు ఉన్నాయి కాబట్టే తూటా ఎంపిక ఒక రసికుడి పని అయింది.

వేగాన్ని బట్టి ఈ తూటాలకు వేరు వేరు స్వభావాలున్నాయి. మామూలు వేగం తూటా సెకనుకు సుమారు 326 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది, అంటే ధ్వని వేగానికి కొంచెం లోపల. సీసీఐ కంపెనీ మినీ మ్యాగ్ 376 మీటర్లతో ధ్వనిని దాటి వెళుతుంది. అదే కంపెనీ స్టింగర్ గుండు తేలిక, వేగం 500 మీటర్లు. వేగం పెరిగితే గురి కూడా కుదురుతుందని మనసుకు తోస్తుంది. కానీ ధ్వనిని దాటిన గుండు దూరం పోయేకొద్దీ మందగించి, మళ్లీ ధ్వని వేగం దగ్గరకు దిగినప్పుడు గాలిలో అదురుతుంది. పక్కగాలి కూడా వేగం ఎక్కువైన గుండునే మరింత పక్కకు నెడుతుంది. గురిపోటీల తూటాలన్నీ ధ్వని వేగానికి లోపలే ఉండటానికి కారణం ఇదే. ఆ నిదానంలోని నిలకడ నాకెంతో ఇష్టం.

అయితే ఈ రైఫిల్‌కు ఒక షరతు ఉంది. 10/22లో తూటా వెనక మూసి ఉండే బోల్ట్‌ను బిగించే గడియ ఏదీ లేదు. బోల్ట్ బరువూ స్ప్రింగు బలమూ తప్ప వెనక అడ్డు లేదు. గుండు ముందుకు పోతుంటే అదే ఒత్తిడి గుల్లను వెనక్కి తోస్తుంది, గుల్ల బోల్ట్‌ను తోస్తుంది, బోల్ట్ తిరిగి వస్తూ చక్రం నుంచి మరో తూటాను ఎత్తుకుపోతుంది. మరీ నెమ్మదైన తూటా వేస్తే బోల్ట్ సగం దారిలో ఆగిపోవచ్చు. స్టింగర్ లాంటిది వేస్తే బోల్ట్ వేగంగా వెనక్కి వచ్చి కొడుతుంది. పైగా స్టింగర్ గుల్ల మామూలుదానికంటే పొడుగు, పోటీల కోసం ఇరుకుగా తొలిచిన గొట్టాల్లో అది వెయ్యకూడదు. తుపాకీ ఆగకుండా తిరగాలి, గుండు అదరకుండా పోవాలి. ఈ రెంటికీ ఒప్పే వేగం ఏదో ఆ ఒక్క తుపాకీయే చెబుతుంది.

పక్కింటివాళ్ల రైఫిల్‌కు అమృతమైన తూటా మన రైఫిల్‌కు పనికి రాకపోవచ్చు. ఒకే పేరు, ఒకే పెట్టె, లాట్ నంబరు మారితే కాగితం మీద చిల్లుల గుంపు మారిపోతుంది. మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఎడమ వైపు రవ్వ ముద్ద అద్ది, తట్టి విని, కొంచెం తీసి మళ్లీ తట్టి చూస్తాడు, ఎంత ముద్ద అన్నది చెవే తేలుస్తుంది. ఇక్కడా అంతే. 50 మీటర్ల దూరంలో కాగితం, ఇసుక సంచి మీద రైఫిల్, ఒక్కో రకం అయిదేసి తూటాలు. రకం మార్చగానే మొదటి కొన్ని గుళ్లను లెక్కలోకి తీసుకోకూడదు, గొట్టంలో పాత మైనం పోయి కొత్త మైనం పట్టాలి. చూస్తుండగా చెదురుమదురుగా పడే చిల్లులు ఒకదాన్నొకటి తాకుతూ ఒకే చిల్లుగా కలిసిపోయిన క్షణం వస్తుంది. ఆ ఆనందం అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. హైదరాబాద్ గగన్ నారంగ్ ఒలింపిక్స్‌లో పడుకుని కాల్చే 50 మీటర్ల పోటీలో వాడిన తూటా ఈ జాతిదే. ఆ స్థాయి షూటర్లు ఎలీ, లపువా కర్మాగారాల పరీక్షా కేంద్రాలకు తమ రైఫిల్ తీసుకువెళ్లి, ఏ లాట్ దానికి నప్పుతుందో చూసి కొనుక్కుంటారు. డబ్బాలు పడగొట్టే తుపాకీకీ ఒలింపిక్ తుపాకీకీ ఎంపిక పద్ధతి ఒకటే కావడం నాకు గొప్ప సౌందర్యంగా తోస్తుంది.

రైఫిల్‌కు తగిలించే అలంకారాల విషయానికి వస్తే, ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్న క్షేమేంద్రుడు గుర్తుకొస్తాడు. 10/22 గొట్టాన్ని పెట్టెకు పట్టి ఉంచేది రెండే స్క్రూలు. ఇంటి బల్ల మీదే గొట్టం మార్చుకోవచ్చు, ట్రిగ్గర్ మార్చుకోవచ్చు, కర్ర మార్చుకోవచ్చు. అందుకే దీని చుట్టూ అమెరికాలో పెద్ద బజారే వెలిసింది. ఆ బజారులో నడిచేటప్పుడు రెండుంపావు కిలోల సంగతి మరవకూడదు. 25 తూటాల వంకర మ్యాగజైన్ తగిలిస్తే, మొదట చూసిన ఆ తెగని గీత తెగిపోతుంది, బరువు తూగే చోట చేతికి దారి ఉండదు. సైనికుల రైఫిల్‌లా కనిపించే ప్లాస్టిక్ తొడుగులు దీనికి పరాయి వేషం. బయట ఎంత మెరిసినా నాకు అవి నచ్చవు.

నప్పేవి కొన్నే. మొదటిది భుజం పట్టీ. తోలుదైనా నూలుదైనా, మోచేతి పైన చుట్టి బిగిస్తే రైఫిల్ ఒంట్లో భాగమవుతుంది, ఊపిరి తప్ప మరో కదలిక మిగలదు. అమెరికాలో యాపిల్‌సీడ్ శిబిరాలు గురి నేర్పే తీరు ఈ పట్టీ మీదే నిలిచి ఉంది. చాలామంది అక్కడికి తెచ్చుకునేది కూడా పట్టీ, చిల్లు సైటు అమర్చిన 10/22లే. రెండోది ఆ చిల్లు సైటు. వెనక సన్నని రంధ్రంలోంచి చూస్తే కన్ను తనంతట తానే నడిమధ్యను వెతుక్కుంటుంది. స్కోప్ కావాలంటే .22 కోసం చేసినదే తీసుకోవాలి. పెద్ద తూటాల స్కోపులు సాధారణంగా 100 గజాలకు సరిచేసి ఉంటాయి, ఇవి 50 గజాలకు. దగ్గరి గురి మీద కన్ను కాస్త పక్కకు జరిగినా గీతలు జరగవు.

ఇక నాకు అత్యంత ప్రియమైనది, చిటికెన వేలంత కూడా లేని పాలీయురెథేన్ పుల్ల. బోల్ట్ వెనక్కి వచ్చి కొట్టుకునే చోట కంపెనీ ఉక్కు పుల్ల పెడుతుంది. దాన్ని తీసి ఇది పెడితే ప్రతి గుండుకూ వినిపించే ఆ ఖణేల్ శబ్దం మెత్తబడుతుంది, పెట్టెకు దెబ్బ తగ్గుతుంది. బయటికి ఏమీ కనిపించదు, బరువు పెరగదు, ధర నామమాత్రం. చెవికి మాత్రమే తెలిసే అలంకారం ఇది.

మైలుకు పైగా పోగల గుండు కాబట్టి వెనక మట్టిగట్టు లేని చోట ఈ రైఫిల్ ఎత్తనే కూడదు. శుభ్రం చేసేటప్పుడు మరో జాగ్రత్త ఉంది. మామూలు 10/22 పెట్టె వెనక మూసి ఉంటుంది, కడ్డీ గొట్టం మూతి నుంచే దూర్చాలి. గుండు తుపాకీని విడిచే ఆఖరి అంచు అక్కడే ఉంది. ఆ అంచు ఒకవైపు అరిగితే గుండు బయలుదేరుతూనే పక్కకు తూలుతుంది. అందుకని ఉక్కు కడ్డీ బదులు గొట్టం లోంచి లాగే శుభ్రపు తాడు వాడటం మేలు. అదీ తరచుగా అవసరం లేదు. సీసమూ మైనమూ గొట్టాన్ని పెద్దగా అరగదీయవు. గొట్టం తుడిచాక మొదటి గుళ్లు మళ్లీ చెదురుతాయి. పోటీ ఉన్నవాళ్లు అందుకే తుడిచిన గొట్టంతో నేరుగా పోటీకి దిగరు. తమకు నప్పిన లాట్ తూటాలే ముందుగా కొన్ని కాల్చి, గొట్టంలో మైనం పట్టాకే కాగితం మార్చి లెక్క మొదలుపెడతారు.