సముద్రములో కొలిమి

దీపస్తంభముల చరిత్రలు వ్రాయువారు దీపమునకును, తుపానులకును, ఇంజనీరుగారి కీర్తికిని పుటలకు పుటలు ధారపోసి, పనిముట్లకు మొనలు కాచిన కమ్మరిని ఒక్క వాక్యముతో సాగనంపుదురు. బాల్యమున మా ఊరి కొలిమియొద్ద నాగటికఱ్ఱు ఎఱ్ఱబాఱుట చూచుచు బడివేళను మఱచినవాఁడనగుటచే కాఁబోలు, బెల్ రాక్ దీపస్తంభ చరిత్రము చదువునపుడెల్ల నా మనస్సు ఆ కమ్మరి యొద్దనే నిలిచిపోవును.

స్కాట్లండు తూర్పుతీరమున, ఆర్బ్రోత్ రేవునకు 11 మైళ్ల దూరమున, పోటువేళ పూర్తిగా మునిఁగి, ఆటువేళ మాత్రమే కొంతసేపు వెన్ను చూపు రాతితిప్ప బెల్ రాక్. 1804లో యార్క్ అను యుద్ధనౌక 491 మందితో మునిఁగిపోయినపుడు, దానిని మ్రింగినది ఈ తిప్పయేయని లోకులు తలఁచిరి. 1807లో రాబర్ట్ స్టీవెన్‌సన్ అను ఇంజనీరు దానిపై దీపస్తంభపు పని నారంభించెను. పునాదిగుంట తొలుచుటకు సముద్ర మిచ్చిన వ్యవధి స్వల్పము; రాయి కఠినము; పికాసుల మొనలు మాటిమాటికి మొద్దువాఱుచుండెను. వానిని తీరమునకుఁ బంపి పదునుపెట్టించుట పొసఁగని పని యగుటచే, ఆ తిప్పమీఁదనే కొలిమి నెలకొల్పిరి. జేమ్స్ డవ్ అను కమ్మరి మోఁకాలిబంటి నీట నిలిచి, నడుముపై భాగము పొగలో మునుఁగఁగా, దాగలిపై మొనలు సాగఁగొట్టుచుండెను. ఇంతలో నొక దుడుకుకెరటము వచ్చి నిప్పార్పిన, రాతిపనివారందఱు విసుగుకొనుచుండిరి. అగ్నిని జలమధ్యమున నిలుపఁజూచిన ఈ సాహసమునకు సాటివచ్చు ఘట్టము ఆ కథలో మఱొకటి నాకుఁ గానరాదు.

తరువాతి కథ రాతిపనివారిది. 2,800కు పైబడిన రాళ్లను ఆర్బ్రోత్‌లో చెక్కి, వరుసవరుసగా పేర్చి సరిచూచి, పిమ్మట పడవలలోఁ గొనిపోయి, వడ్రంగి కుసిని బెజ్జమున బిగించునట్లు ఒండొంటిలో నిమిడించి, 115 అడుగుల గోపురము నెత్తిరి. స్మీటన్ అను ఇంజనీరు 1759లో ఎడ్డీస్టోన్ దీపస్తంభమునఁ జూపిన మార్గమే యిది. ఎఱ్ఱని, తెల్లని కాంతుల నొకదానివెంట నొకటి పరపుచు దీపమును ద్రిప్పు యంత్రమే మంచువేళ రెండు గంటలను గూడ మ్రోగించుచుండెను.

ఈ నిర్మాణకీర్తి రాబర్ట్ స్టీవెన్‌సన్‌దా, పై ఇంజనీరైన జాన్ రెన్నీదా యని వారి కుమారులు పిదప కలహించిరి. తీర్పు చెప్పుమని నన్నెవ్వరు నడుగలేదు గాని, అడిగినచో, 1811 ఫిబ్రవరి 1న వెలిఁగిన ఆ దీపపు యశస్సును మూఁడు పాళ్లు చేసి, మూఁడవ పాలు జేమ్స్ డవ్‌కు వ్రాసియిత్తును.