కోడలు ఎవరి కూతురు?

జనాభా లెక్కల పాత కాగితాల్లో మా తాతముత్తాతలు దొరుకుతారనుకుంటాం. ఆ కాగితం అడిగింది ఒక్కటే: ఇంటి యజమాని ఎవరు, మిగతావాళ్లు అతనికి ఏమవుతారు? భార్య, కొడుకు, కోడలు. ఆ కోడలు ఎవరి బిడ్డో రాయడానికి గడి లేదు.

తెలుగు వరసలో తమ్ముడి కూతురంటే కూతురే. మా ఇళ్లలో ఆమే కోడలు కావచ్చు. చాచా బిడ్డతో నిఖా మాకు తప్పు కాదు. కాగితం మీది ‘కోడలు’ సొంత రక్తమో, పరాయి పిల్లో ఎట్లా తేలుతుంది? ‘షేక్’ అని ఉన్నంత మాత్రాన అంతా ఒకే వంశమూ కాదు. దూదేకుల వాళ్లకు తెలుగు ఇంటిపేర్లే ఉన్నాయి.

వంశవృక్షం గీసుకునే సరదాకైతే ఈ తికమకతో నష్టం లేదు. కానీ అస్సాంలో 1951 జనగణన ఆధారంగా పౌర రిజిస్టర్ రాశారు. తర్వాత అందులోనో, 1971 దాకా ఉన్న ఓటర్ల జాబితాల్లోనో తాత పేరు చూపమన్నారు. ఆ తాతతో బంధుత్వం రుజువు చెయ్యమన్నారు. పెళ్లై ఊరు మారిన ఆడవాళ్లు పంచాయతీ సర్టిఫికెట్లు తెచ్చుకుంటే, 2017 ఫిబ్రవరిలో గౌహతి హైకోర్టు చెల్లవంది. డిసెంబరులో సుప్రీంకోర్టు, పరిశీలించి తీసుకొమ్మంది. 2019 ఆగస్టు 31 నాటి జాబితాలో 19 లక్షల మందికి పైగా లేరు. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు.

1948 సెన్సస్ చట్టం 15వ సెక్షనేమో జనగణన నమోదులు సివిల్ వ్యవహారాల్లో సాక్ష్యంగా చెల్లవంటుంది. మరి ఆ గడుల్లోనే మా అమ్మల్నీ నానీల్నీ వెతికి తెమ్మనడం ఏం న్యాయం? నిఖానామానీ, ఊరి పెద్దల మాటనీ, నానీ నోటి మాటనీ కూడా లెక్కలోకి తీసుకోవాలని మేం అడుగుతున్నాం.