స్మృతి నకలు వేగం – ‘స్ట్రీమ్’ లెక్కింపు పద్ధతి: ఒక విమర్శ

కంప్యూటర్ స్మృతిలో ఒకచోటి దత్తాంశాన్ని మరొకచోటికి చేర్చే వేగాన్ని కొలవడానికి పరిశోధకులు విస్తృతంగా వాడుతున్న సాధనం ‘స్ట్రీమ్’. జాన్ మెక్‌కాల్పిన్ రూపొందించిన ఈ చిన్న ప్రోగ్రామ్‌లో కాపీ, స్కేల్, యాడ్, ట్రయాడ్ అనే నాలుగు పరీక్షలున్నాయి. వీటిలో చూడటానికి అతి సరళమైనది కాపీ. చిక్కంతా దానిలోనే ఉంది.

కోటి సంఖ్యల వరుసను మరొక వరుసలోకి నకలు చేశారనుకుందాం. ఒక్కో సంఖ్యకు 8 బైట్లు. చేరవేసింది 8 కోట్ల బైట్లేనన్నది ఒక లెక్క. మెక్‌వాయ్, స్టేలిన్‌లు 1996లో వివరించిన ‘ఎల్ఎంబెంచ్’ ఈ దారినే అనుసరించింది. చదివినవి 8 కోట్లు, రాసినవి 8 కోట్లు కనుక మొత్తం 16 కోట్లన్నది స్ట్రీమ్ లెక్క. అయితే చాలా ప్రాసెసర్లు రాయబోయే చోటిలోని పాత విలువలను కూడా ముందుగా క్యాష్‌లోకి తెచ్చుకుంటాయి. అప్పుడు స్మృతికీ ప్రాసెసర్‌కూ మధ్య నిజంగా ప్రయాణించేవి 24 కోట్లు. పలక మీద ఎత్తిరాసే పిల్లవాడు, తుడిచివేయబోయే పాత రాతను కూడా ఒకసారి శ్రద్ధగా చదివినట్టుంటుంది ఈ వ్యవహారం.

ఈ మూడు లెక్కల భేదాన్ని మెక్‌కాల్పిన్ దాచలేదు, స్పష్టంగానే వివరించాడు. దోషం ఆ వివరణను వదిలి అంకెను మాత్రమే ఉటంకించే వారిది. ఏ లెక్కో చెప్పని రెండు అంకెలను పక్కపక్కన నిలిపితే, ఒకే యంత్రం తనకంటే తానే రెండు రెట్లు వేగవంతమైనదిగా కనిపించగలదు.

కంపైలర్ పాత్ర ఇంకా సూక్ష్మమైనది. అది కాపీ ఆవృత్తిని గుర్తించి దాని స్థానంలో ‘మెమ్‌కాపీ’ని పిలవవచ్చు. పెద్ద పరిమాణాలకు మెమ్‌కాపీ క్యాష్‌ను తప్పించి రాసే ఆదేశాలను ఎంచుకుంటే మూడవ 8 కోట్ల ప్రయాణం ఉండదు. యంత్రంలో ఏమీ మారకపోయినా, స్ట్రీమ్ చూపే వేగం సిద్ధాంతరీత్యా ఒకటిన్నర రెట్లవుతుంది. అటువంటి ఫలితం యంత్రాన్ని కొలిచిందా, కంపైలర్‌నా?

స్ట్రీమ్ సాధారణంగా పరీక్షను 10 సార్లు నడిపి, మొదటిదాన్ని వదిలి, మిగిలినవాటిలో అతి తక్కువ సమయంతో వేగాన్ని గణిస్తుంది. యంత్రపు గరిష్ఠ సామర్థ్యాన్ని తెలుసుకోవడానికి ఇది సమంజసమే. సగటు, గరిష్ఠ సమయాలను కూడా అది ముద్రిస్తుంది.

అసలు అభ్యంతరం వేరు. స్ట్రీమ్ వరుసలు క్యాష్‌కు కనీసం నాలుగు రెట్లు ఉండాలన్నది నియమం. కాగా, గూగుల్ పరిశోధకులు 2021లో ప్రకటించిన ‘ఆటోమెమ్‌కాపీ’ పత్రం ప్రకారం నిజమైన ప్రోగ్రాముల్లో మెమ్‌కాపీ పిలుపులలో అత్యధికం చిన్న పరిమాణాలవే. అక్కడ కాలాన్ని నిర్ణయించేవి పిలుపు ఖర్చు, పరిమాణాన్ని బట్టి దారి ఎంచుకునే శాఖలు, బ్యాండ్‌విడ్త్ కాదు. అందువల్ల స్ట్రీమ్ కాపీ అంకెను చూపి ఒక మెమ్‌కాపీ మరొకదానికంటే మేలైనదని తీర్పు చెప్పడం చెల్లదు.