ఆరిపోయేదే మంచి బ్రూడర్

చలికాలం కోళ్ల షెడ్డులో అందరి చేతా తిట్లు తినే సామాను ఒకటుంటుంది: మాటిమాటికీ ఆరిపోయే గ్యాస్ బ్రూడర్. జనగామ దాటి వరంగల్ రోడ్డున వచ్చి రఘునాథపల్లి దగ్గర ఏ ఊరి బాటలోకి తిరిగినా, బ్రాయిలర్ షెడ్డున్న ఇంట్లో దీని సంగతి తెలియని మనిషి ఉండడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. గొలుసుకు వేలాడే ఓ రేకు గొడుగు, దాని అడుగున మంటకు ఎర్రగా కాగే జాలీ, గొడుగు నుంచి సిలిండర్ దాకా ఓ పైపు, గ్యాస్ వదలడానికి ఒత్తే గుబ్బతో ఓ వాల్వు. అంతే. మొదటి వారం కోడిపిల్లలకు 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి కావాలి, ఆ తర్వాత వారానికో ఐదు డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. సంక్రాంతి ముందర మా దిక్కు తెల్లవారుజామున చలి పది, పన్నెండు సెల్సియస్‌కు దిగుతుంది. బుఖారీలో బొగ్గులు పోసుకుంటూ రాత్రంతా కూర్చునే రోజులు పోయి ఈ గ్యాస్ వచ్చింది. సుఖమే, కానీ దీనికీ మర్యాద చేయాలి.

మొన్న మా బావ షెడ్డులో పిల్లలు దింపిన రెండో రాత్రి ఇదే గొడవ. "గుబ్బ ఒత్తినంతసేపు మండుతది, ఇడువంగనే ఆరిపోతది" అని ఆయన. పక్క షెడ్డాయన వచ్చి చూసి, "ఆ సన్న వైరును పీకి డైరెక్ట్ చెయ్యి బావా, మాయి అన్నీ అట్లనే ఉన్నయి" అని సలహా ఇచ్చాడు. ఆ సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఊళ్లో సగం బ్రూడర్లు డైరెక్ట్ మీదనే నడుస్తున్నాయంటే ఆశ్చర్యం లేదు. డైరెక్ట్ చేసినవాడికి ఆ రాత్రికి నిద్ర దొరుకుతుంది కదా.

ఆ సన్న వైరు పేరు థర్మోకపుల్. రెండు వేరు వేరు లోహాలను కొన దగ్గర కలిపి వేడి చేస్తే కాస్త కరెంటు పుడుతుందని 1821లో జర్మనీలో సీబెక్ అనే ఆయన గమనించాడు. బ్రూడర్‌లో పుట్టేది ఇరవై, ముప్పై మిల్లీవోల్టులే. టార్చిలైటు బల్బు కూడా వెలగదు. కానీ వాల్వులోని చిన్న అయస్కాంతాన్ని పట్టి ఉంచడానికి అది చాలు. మంట ఉంటే కరెంటు ఉంటుంది, కరెంటు ఉంటే వాల్వు తెరుచుకుని ఉంటుంది. గాలికి మంట ఆరితే కాసేపట్లో కొన చల్లబడి వాల్వు మూసుకుంటుంది. దీన్ని డైరెక్ట్ చేస్తే, మంట ఆరిన తర్వాత కూడా గ్యాస్ వస్తూనే ఉంటుంది, కింద ఊక మీద వేల పిల్లలుంటాయి, గోడవారన మంచం మీద మనిషి పడుకుని ఉంటాడు.

మరి గుబ్బ వదలగానే ఎందుకు ఆరుతుంది? గుబ్బను అరనిమిషమైనా ఒత్తిపట్టకుండా వదిలితే ఆరుతుంది. కొనకు మసి పట్టినా, కొన మంటకు పక్కగా జరిగినా, వాల్వు దగ్గర దాని నట్టు వదులైనా ఆరుతుంది. గట్టి గుడ్డతో కొన తుడిచి, మంటలోకి సరిగ్గా జరిపి, నట్టు చేత్తో బిగించి చూస్తే చాలావరకు కుదురుతుంది. అప్పటికీ నిలబడకపోతే థర్మోకపుల్ కాలం తీరిందని అర్థం, కొత్తది వేయాలి. బావ బ్రూడర్‌కు పట్టింది మసే. అదీ ఊరికే పట్టలేదు.

మసి పట్టిందంటే మంట పసుపుగా మండిందన్నమాట, అంటే గ్యాస్‌కు తగిన గాలి అందలేదు. షెడ్డులో ఊక ధూళి, సన్న ఈకల నూగు బ్రూడర్ గాలి రంధ్రాల్లోకి చేరుతాయి. బ్యాచ్‌కు బ్యాచ్‌కు నడుమ మూలన పడేస్తే సాలీళ్లు గూళ్లు కడతాయి, మట్టిగూడు కట్టే కందిరీగ ఇంకాస్త గట్టిగా మూసేస్తుంది. నవ్వకండి. పెట్రోలు ఆవిరి గొట్టంలో సాలీడు గూడు పెడుతోందని 2011లో అమెరికాలో మాజ్డా కంపెనీ కార్లనే వెనక్కి పిలిపించుకుంది. గ్యాస్ వచ్చే జెట్టు రంధ్రాన్ని సూదితో పొడవకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే గ్యాస్ ఎక్కువై మళ్లీ పసుపు మంటే. జెట్టు విప్పి పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి కొట్టించాలి, లేదా కొత్తది తెచ్చుకోవాలి.

బ్రూడర్ తుడిచినా మంట నీలంగా రాకపోతే పరదాలు చూడాలి. చలికి భయపడి పరదాలు నిండా గుంజి, సందుల్లో గోనెసంచులు కుక్కి, లోపల ఉక్కపోస్తుంటే "మంచిగ వెచ్చగున్నది" అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. కిలో గ్యాస్ పూర్తిగా కాలడానికి దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. కాలాక కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుంది. అంటే 19 కిలోల సిలిండర్ ఒకటి అయిపోయేసరికి ముప్పై లీటర్ల దాకా నీళ్లు షెడ్డు గాలిలో కలుస్తాయి. అవి ఎక్కడికి పోతాయి? ఊకలోకి. తడిసిన ఊక నుంచి అమోనియా, దానికి పిల్లల కళ్ల మంటలు. గాలి చాలక పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నెత్తురులో ఆక్సిజన్ చోటును అది ఆక్రమిస్తుంది. బ్రాయిలర్లకు ఊపిరి సరిగ్గా ఆడకపోతే కొన్ని వారాల తర్వాత కడుపులో నీరు చేరుతుంది. ఆ చావులకు దాణానో, పిల్లల కంపెనీనో తిట్టడం మనకు అలవాటు. మొదటి వారం పరదా కారణమని ఎవరూ అనుకోరు.

పరదా పైన జానెడు సందు వదిలితే వేడి పోతుంది, నిజమే. ఆ పోయే వేడికి గ్యాస్ కాస్త ఎక్కువ కాల్చుకోవాలి, నా లెక్కలో అది దుబారా కాదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు పడి కరెంటు పోయినప్పుడు, మనవాళ్లు చాలామంది ఉండే హ్యూస్టన్ చుట్టుపక్కల జనం ఇంట్లో బొగ్గుల పొయ్యిలు, పక్కనే జనరేటర్లు పెట్టుకుని ఇదే కార్బన్ మోనాక్సైడ్‌కు ఆస్పత్రుల పాలయ్యారు. అక్కడ అమ్మే చిన్న ప్రొపేన్ హీటర్లలో గాలిలో ఆక్సిజన్ 18 శాతం దగ్గరకు పడితే తనంత తానే ఆరిపోయే ఏర్పాటు ఉంటుంది. షెడ్డు బ్రూడర్‌లో అది ఉంటుందని ఆశపడొద్దు. కాపలా గదిలోకి బ్రూడర్‌ను ఎత్తుకుపోయి తలుపేసుకుని పడుకోవడం మాత్రం ఎంత చలికైనా పనికిరాదు.

గ్యాస్ లీకు వాసన సంగతికి వస్తే, వంటగ్యాస్ గాలికన్నా బరువు. షెడ్డుకు ఇరువైపులా అడుగెత్తు గోడ, దాని మీద జాలీ, పరదా. లీకైన గ్యాస్ ఆ గోడ ఎత్తు లోపలే, పిల్లలు తిరిగే మట్టంలో నిలుస్తుంది. నిలబడ్డ మనిషి ముక్కుకు ఆలస్యంగా తెలుస్తుంది. అప్పుడు ముందు సిలిండర్ కట్టేయాలి, తర్వాత తలుపులు, పరదాలు. బల్బు స్విచ్చి జోలికి పోకూడదు, ఫ్యాన్ వేయకూడదు. ఎక్కడ లీకో సబ్బు నురగ చెప్తుంది, అగ్గిపుల్ల చెప్పనక్కర్లేదు. పైపు మీద అచ్చేసిన తేదీ నుంచి ఐదేళ్లు దాటితే మార్చాలి. షెడ్డులో ఎలుకలుంటాయి కాబట్టి తేదీని నమ్ముకుని కూర్చోకుండా పైపును చేత్తో తడిమి చూడటం మేలు.

తెల్లవారుజామున మంట చిన్నబోయి, సిలిండర్ ఒంటి మీద మంచు పట్టిందా? గ్యాస్ అయిపోలేదు. ఎక్కువ బ్రూడర్లు ఒకే సిలిండర్ మీద పడి అది చల్లబడింది. వేడినీళ్లు పోయడం, పక్కన కుంపటి పెట్టడం వద్దు. రెండో సిలిండర్ జత చేస్తే సరి. అది కూడా కమర్షియల్ సిలిండరే కావాలి, ఇంట్లోని ఎర్ర సిలిండర్ షెడ్డుకు తేవడం చట్టరీత్యా తప్పు.

మా బావతో ఇప్పుడు నా తగువంతా ముందురోజు గురించి. పిల్లల వ్యాన్ రావడానికి 24 గంటల ముందే బ్రూడర్లు వెలిగించి ఊకను కాగనివ్వాలని కంపెనీ సూపర్‌వైజర్లు చెప్తారు. "ఖాళీ షెడ్డుకు గ్యాస్ ఎందుకు తగలెయ్యాలె?" అంటాడాయన. ఏది ఆరిపోతుందో, ఏది పసుపుగా మండుతుందో ఆ రోజే బయటపడుతుంది. అప్పుడు పగలే ఉంటుంది, జనగామలో షాపులు తెరిచే ఉంటాయి, షెడ్డులో ఇంకా ఒక్క పిల్ల కూడా ఉండదు.