పంచుకోవడం సరే, పని ఎవరిది?

‘ఉన్నదాంట్లో సర్దుకో’ అనే మాట మన ఆడవాళ్ళకి కొత్త కాదు. పుట్టింట్లో మొదలై అత్తింట్లో బాగా వంటబట్టిన పాఠం అది. ఇప్పుడు అదే పాఠాన్ని ఆర్థిక శాస్త్రవేత్తలు దేశాలకి చెబుతున్నారు. ఉత్పత్తి ఎంతకాలమని పెంచుకుంటూ పోతాం, భూమి మోయలేదు, కొనడం తగ్గించండి, ఉన్నది నలుగురూ పంచుకోండి అంటున్నారు. మాట మంచిదే. మంచి మాట కాబట్టే కాస్త నిలదీసి చూడాలి.

ముందుగా బియ్యంలో రాయిలాంటి మాట ఒకటి ఏరి పారేద్దాం. 2008లో ఎయిర్‌బీఎన్‌బీ, 2009లో ఊబర్ అమెరికాలో పుట్టాక ‘పంచుకునే ఆర్థిక వ్యవస్థ’ అనే పేరు లోకమంతా పాకింది. ఇంట్లో ఖాళీ గది, కారులో ఖాళీ సీటు పైవాళ్ళకి ఇవ్వడమే పంచుకోవడమట. డబ్బు పుచ్చుకుని ఇచ్చేదాన్ని మన ఊళ్ళల్లో అద్దె అంటారు, కిరాయి అంటారు. తెనాలిలో ఆవకాయ రోజుల్లో మామిడికాయలు కొట్టే కత్తి ఒక ఇంట్లో ఉంటే చాలు, వీధంతా తిరిగి వచ్చేది. కత్తికి అద్దె లేదు. తిరిగొచ్చేటప్పుడు దాని వెంట గిన్నెడు కొత్తావకాయ వచ్చేది. పంచుకోవడమంటే అదీ. అయితే ఆ కత్తి ఏ వీధి మలుపు దాకా వెళ్ళి ఆగిపోయేదో కూడా మనకి తెలుసు. కులం గీత దాటిన కత్తులు తక్కువే. కాబట్టి పాతకాలమంతా బంగారమని మురిసిపోనక్కర్లేదు.

ఇక అసలు పుస్తకాలకి వద్దాం. ఈ ఆలోచనకి పునాది వేసినవాటిల్లో రెండింటిని చెప్పుకోవాలి. ఒకటి జె.సి. కుమారప్పగారు జైల్లో రాసిన ‘ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్’, 1945 నాటిది. రెండోది ఇ.ఎఫ్. షూమాకర్ ‘స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్’, 1973లో వచ్చింది.

తంజావూరులో పుట్టిన కుమారప్పగారు గాంధీగారి గ్రామ పరిశ్రమల సంఘాన్ని నడిపిన మనిషి. సంపద రెండు రకాలంటారాయన. బొగ్గు, పెట్రోలు లాంటివి తవ్వినకొద్దీ తరిగిపోయే నిల్వలు. నీళ్ళు, అడవి లాంటివి పారుతూ, పెరుగుతూ ఉండేవి. నిల్వల మీద బతికే నాగరికత చివరికి యుద్ధాల పాలవుతుందంటారు. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. కొట్లో గింజలు వేరు, కాలవలో నీళ్ళు వేరు. రేపల్లె వైపు శివారు భూములకి నీరందాలంటే ఎగువ రైతు తన తూము మూసుకోవాల్సిందే కదా!

షూమాకర్ సంగతి ఇంకా చిత్రం. ఆయన ఇరవై ఏళ్ళు బ్రిటన్ బొగ్గు బోర్డులో ఆర్థిక సలహాదారు. 1955లో బర్మా వెళ్ళి, అక్కడి జీవితం చూసొచ్చి, తర్వాత ‘బౌద్ధ అర్థశాస్త్రం’ అనే వ్యాసం రాశారు. తక్కువ వస్తువులతో ఎక్కువ సుఖంగా బతకడమే తెలివి అని దాని సారాంశం. అందులో కుమారప్పగారి మాటల్ని గౌరవంగా తలుచుకున్నారు కూడా.

ఇంతవరకూ బాగానే ఉంది. కుమారప్పగారు ప్రకృతిలో అయిదు మెట్లు చూపిస్తారు. పులి చంపి తింటుంది. కోతి ఎవరి తోటలోనో దోచుకు తింటుంది. పక్షి తన గూడు తనే కట్టుకుంటుంది. తేనెటీగ గుంపంతటి కోసం పాటుపడుతుంది. అన్నిటికన్నా పై మెట్టు సేవ. ఏమీ ఆశించకుండా పిల్లలకి మేత పెట్టే తల్లిది ఆ మెట్టు. చదువుతుంటే మనసు కరుగుతుంది. పుస్తకం మూసి వంటింట్లోకి వెళితే మాత్రం ఒక అనుమానం వస్తుంది. ఆ పై మెట్టు మీద తల్లి ఒక్కత్తే ఎందుకుంది? తక్కినవాళ్ళు ఎక్కరేం?

షూమాకర్ ఇంకో అడుగు ముందుకేశారు. ఆయన బౌద్ధ అర్థశాస్త్రం ప్రకారం ఆడవాళ్ళకి మొత్తంమీద బయటి ఉద్యోగం అక్కర్లేదట. పెద్ద సంఖ్యలో ఆడవాళ్ళు ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేయడం ఆర్థిక వైఫల్యానికి గుర్తట! పని మనిషి శక్తుల్ని వికసింపజేస్తుందని చెప్పింది కూడా ఆ వ్యాసమే. మరి ‘మనిషి’లో మనం లేమా?

బౌద్ధం పేరెత్తారు కాబట్టి మన భట్టిప్రోలు గుర్తు చేయాలి. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు దారిలోనే ఉంది. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించిన స్తూపంలో బ్రాహ్మీ అక్షరాలు చెక్కిన ధాతు కరండాలు దొరికాయి. నలుగురూ కూడి దానం చేసిన గోష్ఠి, అంటే సంఘం, దాని సభ్యుల పేర్లు ఆ రాతల్లో వరుసగా ఉన్నాయి. ఒక స్ఫటికం మీద స్త్రీల దానం ప్రస్తావన కూడా ఉంది. గోష్ఠివాళ్ళకి ఎవరి పేరు వాళ్ళకుంది. వీళ్ళు మాత్రం ‘నందపురం స్త్రీలు’, అంతే. రెండు వేల ఏళ్ళ పైమాట ఇది.

ఇప్పటి లెక్క చూడండి. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు చేస్తున్నారు, మగవాళ్ళు 88. ఆ నిమిషాలకి జాతీయాదాయంలో దమ్మిడీ విలువ లేదు. అభివృద్ధి కావాలనేవాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోరు. అభివృద్ధి చాలనేవాళ్ళు దానికి ‘సేవ’ అని పేరుపెట్టి దణ్ణం పెడతారు. చేసే చేతులు మాత్రం అవే. పైగా కొనడం తగ్గితే ఇంట్లో పని పెరుగుతుంది. పిండి ప్యాకెట్టు మానేయడం ధర్మమే, కానీ పప్పు నానబోసి, రుబ్బి, గ్రైండరు కడిగేదెవరు?

పొలంలోనూ ఇదే ప్రశ్న. 1945లో వ్యవసాయ కళాశాల వెలిసిన బాపట్ల మనది. 2016 నుంచి రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మహిళా సంఘాల ఆసరాతో నడుస్తోంది. 2024లో పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతి దీనికి మరిద్దరితో కలిపి వచ్చింది. బహుమతినీ పంచుకున్నారన్నమాట! పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి, పూటపూటా కలియబెడితే జీవామృతం తయారవుతుంది. ఎరువుల ఖర్చు తగ్గుతుంది, నిజమే. కలియబెట్టిన చేతి కూలి కూడా ఆ ఖర్చు పుస్తకంలో రాస్తేనే లెక్క సరిపోయినట్టు.

అలాగని ఈ పుస్తకాలు అటకెక్కించమని కాదు. బొగ్గు తరిగిపోతుందన్నదీ నిజమే, అత్యాశకి భూమి చాలదన్నదీ నిజమే. వాటికి ఒక్క సవరణ కావాలి. వస్తువుల కంటే ముందు పని పంచుకోవాలి. సేవ అనే ఆ పై మెట్టు మీదకి తండ్రీ ఎక్కాలి, కొడుకూ ఎక్కాలి. అందుకే ఈ పుస్తకాలు మనం చదవడమే కాదు, ఇంట్లో మగవాళ్ళ చేత కూడా చదివించాలి. చదవడం అయ్యాక, పక్కనున్న కాఫీ గ్లాసు ఎవరు కడిగి బోర్లించారో ఓ కన్నేసి ఉంచండి.