ఆకు తిప్పి చూడండి

మా ఉంగుటూరులో గులాబీ పెంచేవాళ్లు ఎదురైతే ముందు అడిగేది, "ఏం మందు కొట్టమంటారండీ?" అని. కడియం నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న అంటుమొక్క మరి. కానీ దానికి ఏమొచ్చిందో చెప్పరు. చేలో కొట్టగా మిగిలిన మందు ఇంట్లో ఉంటే అదే కొట్టేస్తారు. వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచీ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. అంత దగ్గరున్న మనం రోగమేదో తెలియకుండా మందు కొనడం నాకు మింగుడుపడదు.

నేను ముందు అడిగేది, ఏ ఆకు అని. కింద ముదురాకా, పైన లేతాకా?

ముదురాకు మీద అంచులు చెదిరిన నల్ల మచ్చలు లేచి, చుట్టూ పసుపెక్కి ఆకు రాలిపోతుంటే అది నల్లమచ్చ తెగులు. ఆ శిలీంధ్రం ఆకులోకి దిగాలంటే ఆకు ఏడు గంటలైనా తడిగా ఉండాలి. కొల్లేటి గాలి తగిలే మన ఊళ్లలో అదెంత సేపు? వానాకాలం సరే, మార్గశిరంలో పడిన మంచు కూడా పొద్దెక్కేదాకా ఆరదు. దానికి తోడు సాయంత్రం పూట పైపు పట్టుకుని మొక్క నెత్తిన నీళ్లు పోస్తాం. నీళ్లు పొద్దున్నే, మొదట్లోనే పోయాలి. రాలిన ఆకులు ఏరి తగలబెట్టాలి. ఆ రెండూ చేశాకే లీటరు నీటికి రెండున్నర గ్రాముల మాంకోజెబ్.

లేత చిగురు మీద, మొగ్గ కాడ మీద తెల్లటి పొడి కనిపిస్తే బూడిద తెగులు. దానికి ఆకు తడవనక్కర్లేదు, చల్లటి రాత్రులు చాలు. లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కొట్టాలి. ఎండ మండేటప్పుడు మాత్రం వద్దు, ఆకు మాడిపోతుంది.

వేసవిలో ఆకు వెలిసిపోయి దుమ్ముపట్టినట్టుంటే, తిప్పి తెల్లకాగితం మీద దులపండి. చుక్కలు కదిలితే ఎర్రనల్లి. అది సాలీడు జాతిది. చేలో వాడే పురుగుమందుల్లో చాలావాటికి అది చావదు. దాన్ని తినే అక్షింతల పురుగులు మాత్రం చస్తాయి, నల్లి ఇంకా పెరుగుతుంది. పొద్దున పూట ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు తగ్గుతుంది.

ఆకు అంచున కత్తెరతో కోసినట్టు గుండ్రటి ముక్క పోయిందా? అది తేనెటీగల్లో ఒక రకం తన గూటి కోసం పట్టుకెళ్లింది. మొక్కకేమీ కాదు. దానికీ మందు కొట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

లేతాకు పసుపెక్కి ఈనెలు పచ్చగానే ఉంటే ఇనుము లోపం. లీటరుకు 5 గ్రాముల అన్నభేది, కాస్త నిమ్మ ఉప్పు చాలు. నల్లరేగడిలో నీళ్లు నిలిచి మొక్కంతా పాలిపోతే మాత్రం ఏ మందూ పనిచేయదు, నీళ్లు పోయే దారి చూడాలి.

అన్నిటికన్నా నాకు భయం కొమ్మ ఎండు తెగులంటే. కోసిన చోట మొదలై నల్లగా కిందికి దిగుతుంది. అక్టోబరులో కత్తిరించేటప్పుడు, లోపలి బెండు తెల్లగా కనిపించేదాకా కోసి బోర్డో పేస్టు పూయాలి. ఫ్రాన్సులో బోర్డో వైపు దారి పక్క ద్రాక్షపళ్లు ఎవరూ కోసుకుపోకుండా రైతులు తీగలకు మైలుతుత్తం, సున్నం పూసేవారు. ఆ తీగలకు తెగులు రాలేదని గమనించి మిలార్డే అనే శాస్త్రవేత్త 1885లో లోకానికి చెప్పాడు. పేస్టుకైతే కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఇంటి మొక్కలకు అందులో పదో వంతు చాలు. కలిపాక ఇనుప మేకు ముంచి తీయండి. దాని మీద రాగిరంగు పడితే ఇంకాస్త సున్నం కలిపి, అప్పుడు కొమ్మకు పూయండి.