మెనూ కార్డులో లేని కూర

ఒక జాతి సంస్కృతి తెలుసుకోవాలంటే వాళ్ల హోటల్లో తినాలి, వాళ్ల కిరాణా కొట్లో సరుకులు కొనాలి అనే మాట అమెరికా, ఇంగ్లండుల్లో చదువుకున్నవాళ్ల మధ్య బాగా చెల్లుతోంది. మాట మంచిదే. పక్కవాడి అన్నం ముడితే మైల అన్న దేశం నుంచి వచ్చినవాళ్లం గనక మేం దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యం. అయితే మెనూ కార్డు కూడా ఒక రచనే. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏం వదిలేశారు అని పుస్తకాన్ని అడిగినట్టే దాన్నీ అడగాలి.

లండన్‌లో ‘ఇండియన్ రెస్టారెంట్’ బోర్డు పెట్టి వండినవాళ్లలో ఎక్కువమంది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతపు ముస్లిములు. వాళ్లు ఇంట్లో తినే చేపల కూర కంటే కస్టమర్ అడిగిన చికెన్ టిక్కా మసాలాయే బల్ల మీదికి వచ్చింది. 2001లో బ్రిటన్ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ దాన్ని అసలైన బ్రిటిష్ జాతీయ వంటకం అన్నాడు. వంటకానికి పౌరసత్వం వచ్చింది. వండినవాడి ఊరేదో తిన్నవాళ్లలో ఎంతమందికి తెలుసు?

నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్ 1992లో ‘ఈటింగ్ ది అదర్’ అనే వ్యాసంలో ఈ సంగతే పట్టుకుంది. తెల్లవాళ్ల చప్పిడి సంస్కృతికి ఇతర జాతులు మసాలా అయిపోతున్నాయని ఆమె విమర్శ. అది సరైందే గానీ మాకు చాలదు. మన దగ్గర ఆ ‘ఇతరుల’ లోపలే వడ్డించేవాడు వేరు, గడప బయట నిలబడ్డవాడు వేరు.

షికాగో డెవాన్ అవెన్యూలో 1974లో పటేల్ బ్రదర్స్ కొట్టు మొదలైంది. ఇవాళ అలాంటి కొట్లల్లో ఆవకాయ, గోంగూర పచ్చడి, సోనా మసూరి బియ్యం దొరుకుతున్నాయి. వాటిని చూసి తెలుగువాళ్లు ఇదే మన రుచి అనుకుంటారు. మరి మా ఇళ్లల్లో దండెం మీద ఎండబెట్టుకునే పెద్దకూర తునకలు ఎవరి రుచి? నల్ల ఎవరి వంట? మాంసం దిగుమతికి చట్టాలు అడ్డమంటారు. ఒప్పుకుంటాం. కానీ ‘తెలుగు వంటలు’ అనే మాటలోంచే వాటిని తీసేసింది ఏ దిగుమతి చట్టం?

అమెరికా నల్లవాళ్ల చరిత్ర ఇక్కడ మాకు పాఠం. బానిసత్వంలో యజమాని వద్దన్న పంది పేగులు, ఆకుకూరలతో వాళ్లు వండుకున్నారు. 1960లలో ఆ తిండి ‘సోల్ ఫుడ్’ అనే గౌరవమైన పేరుతో నిలబడింది. 1962లో సిల్వియా వుడ్స్ హార్లెమ్‌లో హోటల్ తెరిచింది. మనవాళ్లు 1972లో బొంబాయిలో వాళ్ల దగ్గర్నుంచి పాంథర్ అనే పేరు తెచ్చుకున్నారు. తిండికి అలాంటి పేరు ఇంకా రాలేదు. మరాఠ్వాడా మహర్, మాంగ్ వంటల మీద షాహు పాటోళే పుస్తకం మరాఠీలో 2015లో గాని రాలేదు. ఉస్మానియాలో 2012 ఏప్రిల్ 15న విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపితే దాడి జరిగింది.

హోటలూ దుకాణమూ మాకు రుచి సంగతి కాకముందే హక్కు సంగతి. అందుకే రాజ్యాంగం 15వ అధికరణం ఈ రెండింటినీ పేరు పెట్టి చెప్పింది: కులం పేరుతో ఎవరినీ రానివ్వకుండా ఆపరాదు. 1960లో గ్రీన్స్‌బరోలో నలుగురు నల్ల విద్యార్థులు తెల్లవాళ్ల ఫలహారశాల బల్ల దగ్గర కూర్చున్నది కూడా ఇందుకే. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. ఆ నిషేధం హోటళ్లకూ, దుకాణాలకూ వర్తిస్తుంది. అంటే పచ్చళ్లతో పాటు కులమూ సముద్రం దాటిందన్నమాట.

కాబట్టి పరాయి వంట తినొద్దని మేం అనం. తినండి. బిల్లు కట్టేటప్పుడు మాత్రం ఒక మాట అడగండి: కొట్టు కట్టేశాక వంటింట్లోవాళ్లు తమ కోసం ఏం వండుకుంటారు? అది కార్డులో ఎందుకు లేదు? సంస్కృతి గురించి నిజమైన మాట అక్కడ మొదలవుతుంది.